మీట ఒకటి, అక్షరం ఇంకొకటి

పాత లాప్‌టాప్ కీబోర్డు పిచ్చిపిచ్చిగా ప్రవర్తిస్తోందని ఎవరైనా అనగానే మనవాళ్ళ నోటినుంచి వచ్చే సలహాలు రెండే రెండు. ఒకటి, "విండోస్ ఫార్మాట్ చేసి మళ్ళీ వేసుకో". రెండోది, "దాని పని అయిపోయింది, పారేసి కొత్తది కొనుక్కో". సాఫ్ట్‌వేరులో పనిచేసేవాళ్ళం కాబట్టి ఈ రెండూ మనం మరికాస్త ధీమాగా చెబుతాం. ఆఫీసులో సర్వరు తప్పుడు జవాబులు ఇస్తుంటే, లాగ్ చూడకుండా ఫార్మాట్ చేసేద్దామనే మనిషిని పక్కన కూర్చోనివ్వం. ఇంట్లో కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆ క్రమశిక్షణ అంతా గాలికి పోతుంది.

నేను ఉండేది మస్కట్‌లో, ఖురం ప్రాంతంలో. సముద్రం పక్కనే. ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో పాత లాప్‌టాప్‌లకు కొదవ లేదు. కొత్తది ఆఫీసువాళ్ళు ఇస్తారు, పాతది పిల్లల చదువులకో, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకో మిగులుతుంది. అలాంటివాటి కీబోర్డులు చాలా చూశాక నాకు అర్థమైనది ఒక్కటే: జబ్బు ఎక్కడుందో తెలియకుండా మందు వెయ్యకూడదు. ఎక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద సామగ్రి ఏమీ అక్కర్లేదు. ఒక యుఎస్‌బి కీబోర్డు, ఒక యుఎస్‌బి మౌసు, ఒక పెన్‌డ్రైవ్, గంటసేపు ఓపిక ఉంటే చాలు. ఆ పద్ధతి ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం.

మీట నుంచి అక్షరం దాకా

మనం "ఏ" మీట నొక్కితే తెరమీద "ఏ" పడటం ఒకే అడుగులో జరిగే పని కాదు. మధ్యలో కనీసం అయిదు మజిలీలున్నాయి.

మొదటిది మీట కింద ఉండే చిన్న రబ్బరు బుడిపె. మీట నొక్కినప్పుడు అది అణిగి, దాని కింద ఉన్న రెండు పల్చటి ప్లాస్టిక్ పొరలమీది గీతలను కలుపుతుంది. ఆ గీతలు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని ఉంటాయి. ఎనభై పైచిలుకు మీటలకు ఎనభై జతల తీగలు వేసే బదులు, ఎనిమిది అడ్డగీతలు, పదహారు నిలువుగీతలు వేస్తే 128 కూడళ్ళు వస్తాయి. ఒక్కో మీటకూ ఒక కూడలి. మన ఊళ్ళో వీధుల లెక్కే: ఏ అడ్డవీధి, ఏ నిలువువీధి అని చెబితే ఇల్లు దొరికిపోతుంది.

రెండోది ఆ గీతలన్నిటినీ మదర్‌బోర్డుకు చేర్చే పల్చటి రిబ్బను కేబులు. మూడోది మదర్‌బోర్డుమీద ఉండే చిన్న కంట్రోలర్ చిప్పు. అది క్షణానికి ఎన్నోసార్లు గీతలన్నిటినీ తడిమి చూస్తూ, ఏ కూడలి కలిసిందో కనిపెట్టి ఒక అంకె పంపిస్తుంది. దాన్నే స్కాన్ కోడ్ అంటారు. పాత పీసీల సంప్రదాయం ప్రకారం "ఏ" మీట నొక్కితే 30, వదిలితే దానికి 128 కలిపి 158 వెళుతుంది. అంటే నొక్కడం ఒక వార్త, వదలడం ఇంకో వార్త. రెండో వార్త దారిలో పోతే కంప్యూటరు దృష్టిలో ఆ మీట ఇంకా నొక్కే ఉంటుంది. అక్షరం ఆగకుండా వరసగా పడిపోవడానికి ఒక కారణం ఇదే.

నాలుగోది ఆపరేటింగ్ సిస్టమ్. 30 అనే అంకెకు ఏ అక్షరం అన్నది తేల్చేది ఇక్కడే. ఇంగ్లీషు లేఅవుట్ ఉంటే "ఏ", తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంటే ఓత్వం, అరబిక్ ఉంటే "షీన్". మీటమీద అచ్చువేసిన బొమ్మకు, ఈ నిర్ణయానికి ఏ సంబంధమూ లేదు. అయిదోది మనం రాసే ప్రోగ్రాము, దానికి తోడు లిప్యంతరీకరణ సాధనం. లేఖినిలో "టి" పెద్దక్షరం కొడితే "ట", చిన్నక్షరం కొడితే "త" అయ్యేది ఈ అయిదో మజిలీలోనే.

కీబోర్డు జబ్బు ఏదైనా సరే, ఈ అయిదింటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఒక్కోసారి ఒకటికంటే ఎక్కువ చోట్ల ఉంటుంది. అసలు చిక్కు అక్కడే.

మాష్టారి లాప్‌టాప్

మా భవనంలో పై అంతస్తులో కోనసీమ మాష్టారు ఒకాయన ఉండేవారు. ఉద్యోగ విరమణ అయిపోయి, సామాను సర్దుకుంటూ ఇంకో పదిరోజుల్లో హైదరాబాదు విమానం ఎక్కబోతున్నారు. ఆయన లాప్‌టాప్‌కు పన్నెండేళ్ళుంటాయి. ఇక్కడే కొన్నది కాబట్టి మీటలమీద ఇంగ్లీషూ అరబిక్కూ రెండూ అచ్చువేసి ఉంటాయి. అందులో ఆయన తన చిన్ననాటి ఊరి సంగతులు లిప్యంతరీకరణ పద్ధతిలో తెలుగులో రాసుకుంటూ వచ్చారు. నాలుగువందల పేజీలు పైనే అయ్యింది. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

కొన్నాళ్ళుగా కీబోర్డు వింతగా ఉంటోందని ఒక రిపేరు కొట్టుకు తీసుకెళితే, వాళ్ళు ఐదు నిమిషాలు చూసి "వైరస్, విండోస్ మొత్తం తుడిచి మళ్ళీ వెయ్యాలి" అన్నారట. ఆయన ఒప్పుకుని, తెల్లారి తీసుకొస్తానని చెప్పి వచ్చేశారు. ఆ సాయంత్రం మెట్లమీద కనిపించి, "ఏమయ్యా, తుడిచేస్తే నా రాతలుంటాయా?" అని అడిగారు. ఉండవని చెప్పి లాప్‌టాప్ మా ఇంటికి తెప్పించుకున్నాను.

ఆయన చెప్పిన లక్షణాలు ఇవి:

1. "ట" కొడితే "త" పడుతుంది, "ళ" కొడితే "ల" పడుతుంది. అదీ అన్నిసార్లూ కాదు. నాన్నగారి "కళ్ళు" ఎర్రబడ్డాయని రాస్తే "కల్లు" ఎర్రబడింది. "కోడి" కాస్తా "కోది" అయ్యింది. "పాట" పాడిందని రాస్తే "పాత" పాడింది.

2. ఉన్నట్టుండి పేరా అంతా కుడివైపుకు జరిగిపోతుంది. వాక్యం చివర పెట్టిన చుక్క ఎడమవైపుకు, వాక్యం మొదట్లోకి వచ్చి కూర్చుంటుంది.

3. కొన్ని రోజులు మీటలు మామూలుగా కొడితే పలకవు. ఒక్కో మీటనూ క్షణంసేపు నొక్కిపెడితేగాని అక్షరం పడదు.

4. రాస్తూ రాస్తూ ఉండగా కర్సరు తనంతట తానే పైన ఎక్కడో ఇంకో పేరాలోకి దూకుతుంది. ఛార్జింగులో పెట్టినప్పుడు ఇది ఎక్కువ.

నాలుగూ కలిపి వింటే ఎవరికైనా వైరస్ అనే అనిపిస్తుంది. విడివిడిగా వింటే దేని కథ దానిది.

అన్నిటికంటే ముందు నకలు

పరీక్షలు మొదలుపెట్టే ముందు రాతలను బయటికి తీసుకోవాలి. దీనికి కీబోర్డుతో పని లేదు. యుఎస్‌బి మౌసు పెట్టి, ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి లాగి వదిలితే చాలు. ఇంకో కాపీ వేరేచోట పెట్టాలి. పాస్‌వర్డు కొట్టలేకపోతే విండోస్ లాగిన్ తెర కింది మూలలో ఉండే యాక్సెసిబిలిటీ బొమ్మ నొక్కండి. అక్కడ తెరమీది కీబోర్డు దొరుకుతుంది, మౌసుతోనే అక్షరాలు నొక్కవచ్చు.

కాపీ చేసిన ఫైలును ఇంకో కంప్యూటరులో తెరిచి చూడటం మరిచిపోవద్దు. పాత తెలుగు ఫైళ్ళు యూనికోడులో కాకుండా ఏదో ఒక ప్రత్యేకమైన ఫాంటులో ఉంటే, ఫైలుతోపాటు ఆ ఫాంటును కూడా కాపీ చేసుకోవాలి. లేకపోతే కొత్త యంత్రంలో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మాష్టారివి యూనికోడు ఫైళ్ళే కాబట్టి ఆ బెడద లేకపోయింది.

మజిలీలు విడదీసే పరీక్షలు

ఇక అసలు పరీక్షలు. ఇవి నాలుగు, ఈ వరసలోనే చెయ్యాలి.

మొదటి పరీక్ష: యుఎస్‌బి కీబోర్డు తగిలించి అదే పని చెయ్యండి. జబ్బు దానిమీద కూడా కనిపిస్తే లోపం విండోస్‌లోనో, ప్రోగ్రాములోనో ఉన్నట్టు. కనిపించకపోతే లోపం లాప్‌టాప్ సొంత కీబోర్డులోనో, కేబులులోనో, కంట్రోలర్‌లోనో ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది.

రెండో పరీక్ష: విండోస్‌లో తెరమీది కీబోర్డును తెరిచి, అసలు కీబోర్డుమీద మీటలు ఒక్కొక్కటే నొక్కండి. నొక్కిన మీట తెరమీద మెరుస్తుంది. ఏ మీట మెరవడం లేదో, ఏది నొక్కకుండానే మెరుస్తోందో కంటికి కనిపిస్తుంది. అనుమానమున్న మీటను పదిసార్లు నొక్కి ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి.

మూడో పరీక్ష: విండోస్ లేకుండా చూడటం. పెన్‌డ్రైవ్‌లో ఏదైనా లినక్స్ వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండా దానితోనే బూట్ చెయ్యండి. అక్కడ కూడా అదే మీట మొరాయిస్తే విండోస్ మీద నేరం మోపక్కర్లేదు, ఫార్మాట్ చెయ్యక్కర్లేదు.

నాలుగో పరీక్ష: యుఎస్‌బి మౌసు పెట్టి టచ్‌పాడ్‌ను ఆపెయ్యండి. కర్సరు దూకడం ఆగిపోతే అది కీబోర్డు జబ్బే కాదు.

మాష్టారి లాప్‌టాప్‌కు ఇవి చేస్తే, నాలుగు లక్షణాలూ మూడు గుంపులుగా విడిపోయాయి. "ట" బదులు "త" పడటం బయటి కీబోర్డుతో ఒక్కసారి కూడా జరగలేదు. అంటే అది సొంత కీబోర్డు లోపం. పేరా కుడివైపుకు తిరిగిపోవడం, మీటలు ఆలస్యంగా పలకడం, ఈ రెండూ బయటి కీబోర్డుతో కూడా అలాగే ఉన్నాయి. అవి విండోస్‌లో ఉన్నవి. టచ్‌పాడ్ ఆపగానే కర్సరు దూకడం ఆగిపోయింది.

ఒక్క షిఫ్టు, మూడు తిప్పలు

తెరమీది కీబోర్డులో చూస్తే ఎడమవైపు షిఫ్టు పదిసార్లకు మూడు నాలుగుసార్లే మెరిసింది. లినక్స్‌లోనూ అంతే. లిప్యంతరీకరణలో రాసేవాళ్ళకు షిఫ్టు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. ట-త, డ-ద, ణ-న, ళ-ల జంటలను వేరుచేసేది అదే. ఇంగ్లీషులో రాసేవాడికి షిఫ్టు బలహీనపడితే వాక్యం మొదట్లో పెద్దక్షరం తప్పుతుంది, అంతే. తెలుగులో రాసేవాడికి అర్థమే మారిపోతుంది. కాబట్టి మీ రాతలో ఈ జంటలు మాత్రమే తారుమారు అవుతుంటే ముందుగా షిఫ్టునే అనుమానించండి.

అయితే కథ అక్కడితో ఆగలేదు. ఎడమ షిఫ్టు పలకడం లేదని మాష్టారు కుడి షిఫ్టుకు మారారు. విండోస్‌లో కుడి షిఫ్టును ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే "ఫిల్టర్ కీస్" అనే సదుపాయం మొదలుపెట్టమంటారా అని ఒక పెట్టె తెరుచుకుంటుంది. చేతులు వణికేవాళ్ళకోసం పెట్టిన మంచి సదుపాయం అది. పొరపాటున తగిలిన మీటలను పట్టించుకోకుండా, కాసేపు నొక్కిపెట్టిన మీటనే తీసుకుంటుంది. రెండు వేళ్ళతో రాసే పెద్దాయన ఒక వేలు కుడి షిఫ్టుమీద ఉంచి ఇంకో వేలితో అక్షరం వెతుక్కుంటుంటే ఎనిమిది సెకన్లు గడవడం ఎంతసేపు! పెట్టె రావడం, ఆయన ఎంటర్ కొట్టడం, అది "సరే" కింద లెక్కకు రావడం జరిగిపోయేది. అక్కడినుంచి మీటలు పలకవు. పలకని ఎడమ షిఫ్టును విసుగొచ్చి టకటకా కొడితే ఇంకోటి: షిఫ్టును వరసగా అయిదుసార్లు నొక్కితే "స్టిక్కీ కీస్" పెట్టె వస్తుంది.

ఇక పేరా తిరిగిపోవడం. ఇది గల్ఫ్‌లో కొన్న లాప్‌టాప్‌లు వాడే మనవాళ్ళందరూ తెలుసుకోవలసిన సంగతి. విండోస్‌లో అరబిక్ లాంటి కుడినుంచి ఎడమకు రాసే భాష ఉంటే, కంట్రోల్‌తో కుడి షిఫ్టు కలిపి నొక్కి వదిలితే పేరా దిశ కుడినుంచి ఎడమకు మారుతుంది. కంట్రోల్‌తో ఎడమ షిఫ్టు కలిపి నొక్కితే మళ్ళీ మామూలు దిశ వస్తుంది. తెలుగు అక్షరాలు తమ వరస తాము తప్పవు, కానీ వాక్యం చివరి చుక్కకు సొంత దిశ లేదు. పేరా ఎటు పొమ్మంటే అటు పోతుంది, అందుకే ఎడమ చివరకు చేరుతుంది. మాష్టారు మాట మొత్తాన్ని ఎంచుకుందామని కంట్రోల్, కుడి షిఫ్టు నొక్కి, బాణం మీట వెతికేలోపు మనసు మార్చుకుని వదిలేస్తే దిశ మారిపోయేది. వెనక్కి తేవాలంటే కావలసింది ఎడమ షిఫ్టు. అది పనిచెయ్యదు! తలుపు గడియ బయటివైపు పనిచేసి లోపలివైపు విరిగినట్టు.

చూశారుగా. చెడింది ఒకే ఒక మీట. దానివల్ల మనిషి అలవాటు మారింది. మారిన అలవాటు విండోస్‌లో రెండు సదుపాయాలను తట్టి లేపింది. ఫార్మాట్ చేసి ఉంటే ఆ రెండూ ఒకరోజు మాయమై, మర్నాడు మళ్ళీ వచ్చేవి. నాలుగువందల పేజీలు మాత్రం వచ్చేవి కావు.

విండోస్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీ కింద కీబోర్డు భాగంలో ఫిల్టర్ కీస్, స్టిక్కీ కీస్ రెంటికీ "షార్ట్‌కట్ మీటతో మొదలవనివ్వు" అన్న గుర్తు తీసేశాను. మాష్టారికి అరబిక్ రాసే అవసరం లేదు కాబట్టి భాషల జాబితాలోంచి అరబిక్ తీసేశాను. రెండు చిక్కులూ అయిదు నిమిషాల్లో తీరాయి.

ఖురం గాలి, ఉప్పు

ఎడమ షిఫ్టు ఎందుకు చెడింది? ఖురం అన్న పేరు ఇక్కడి మడ చెట్ల నుంచి వచ్చింది. కోరింగ మడ అడవులు చూసిన గోదావరి జిల్లా వాళ్ళకు ఇక్కడి మడ చెట్లు కొత్తగా అనిపించవు. మడ ఉన్నచోట ఉప్పునీళ్ళు, ఉప్పుగాలి ఉంటాయి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, సముద్రం మీదినుంచి వచ్చే ఉక్క దానికి తోడు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు ఖురంలో వరదనీళ్ళు దుకాణాలలోకే వచ్చాయి. అలాంటి ముంపు ఎప్పుడో ఒకసారి. ఉప్పుతేమ మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది.

మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకుని తనే నీరైపోతుంది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం ఇదే. బాల్కనీలో కూర్చుని రాసుకునే లాప్‌టాప్ మీటల సందుల్లోకి చేరిన ఉప్పుధూళి కూడా అంతే. ఏసీ గదిలో పొడిగా ఉంటుంది, బయటికి తెస్తే చెమరుస్తుంది. చెమర్చిన ఉప్పుకు కరెంటును పోనిచ్చే గుణం ఉంటుంది. అప్పుడు కలవకూడని గీతలు కలిసి నొక్కని మీటలు పలుకుతాయి. కాలం గడిచేకొద్దీ గీతలమీది లోహం తిని పోయి, కలవవలసిన చోట కలవదు. పైగా చల్లటి గదినుంచి ఉక్కలోకి తెచ్చిన యంత్రంమీద, చల్లటి సోడా సీసామీద పట్టినట్టే, నీటిచెమ్మ పడుతుంది.

అందువల్ల గుర్తుపెట్టుకోవలసిన సూచన ఒకటుంది. బాల్కనీలో, తెల్లవారుజామున మొరాయించి, ఏసీ గదిలో గంట ఉంచితే బాగుపడే కీబోర్డుకు తేమ జబ్బు. అది సాఫ్ట్‌వేరు జబ్బు కాదు. సాఫ్ట్‌వేరుకు ఉక్కపోయదు.

విడిగా ఒక్క మీటే చెడితే దుమ్మో, ఉప్పో, తీపి టీ చుక్కో కారణం అనుకోవచ్చు. ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించే నాలుగైదు మీటలు ఒక్కసారే చచ్చిపోతే, ఒక గీత తెగిందనో, రిబ్బను కేబులు వదులయ్యిందనో అనుకోవాలి. ఒకే గీతమీద ఉన్న మీటలు కీబోర్డుమీద పక్కపక్కనే ఉండాలని లేదు.

శుభ్రం చేసేటప్పుడు ముందు యంత్రం ఆపి, ఛార్జరు తీసి, బ్యాటరీ ఊడేదైతే అది కూడా తీసెయ్యాలి. కీబోర్డును వంచి పట్టుకుని గాలిడబ్బాతో ఊదాలి. జిగటగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలు 90 శాతం పైబడినది దూదిపుల్లకు కొద్దిగా అంటించి మీట చుట్టూ తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్ళు వాడకూడదు. మాష్టారి షిఫ్టుకు ఇది చేస్తే పదికి ఏడుసార్లు పలకసాగింది. పూర్తిగా నయం కాలేదు. గీత తినేసిన తరువాత ఏ ఆల్కహాలూ దాన్ని తిరిగి తేలేదు.

ఉబ్బిన బ్యాటరీ

ఇక నాలుగో లక్షణం. నన్ను భయపెట్టింది ఇదొక్కటే. లాప్‌టాప్‌ను బల్లమీద పెడితే నాలుగు కాళ్ళూ ఆనడం లేదు, ఊగుతోంది. టచ్‌పాడ్ ఒక అంచున పైకి లేచి ఉంది, నొక్కితే టిక్కుమనడం లేదు. మూత వేస్తే పూర్తిగా పడటం లేదు. ఆ మోడలులో బ్యాటరీ ఉండేది సరిగ్గా టచ్‌పాడ్ కిందే.

లిథియం బ్యాటరీ ముసలిదైతే లోపల వాయువు పుట్టి పొర ఉబ్బుతుంది. ఎండలో ఆపిన కారులో వదిలెయ్యడం, ఎప్పుడూ నూరు శాతం ఛార్జింగులో ఉంచడం దీన్ని తొందరపెడతాయి. ఉబ్బిన బ్యాటరీ పైనున్న టచ్‌పాడ్‌ను కిందినుంచి నెడుతుంది. అది తనంతట తానే క్లిక్ అవుతుంది. కర్సరు దూకుతుంది. ఛార్జింగులో వేడెక్కినప్పుడు మరీ ఎక్కువ. చూసేవాళ్ళకు కీబోర్డులో దయ్యం కూర్చున్నట్టు ఉంటుంది.

ఈ లక్షణం కనిపిస్తే ఇంక పరీక్షలు వద్దు. యంత్రం ఆపెయ్యండి, ఛార్జరు తీసెయ్యండి. ఉబ్బును నొక్కి చదును చెయ్యాలని చూడకండి, సూదితో పొడవకండి. మంట అంటుకునే ప్రమాదం ఉంది. మంట అంటుకోని చోట పెట్టి, బ్యాటరీలు మార్చే పనివాడి చేత తీయించండి. తీసినదాన్ని ఇంటి చెత్తలో వెయ్యకూడదు, పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇవ్వాలి.

దెబ్బతిన్న లిథియం బ్యాటరీని విమానంలో తీసుకువెళ్ళడానికి అంతర్జాతీయ విమానయాన నిబంధనలు ఒప్పుకోవు. చేతిసంచిలోనైనా, పెట్టెలోనైనా సరే. మాష్టారు దాన్ని బట్టల మధ్య మెత్తగా ఉంటుందని పెట్టెలో సర్దుకోబోయారు. విండోస్ మళ్ళీ వేయించి, బాగుపడిందనుకుని, అలాగే విమానం ఎక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. మర్నాడే బ్యాటరీ తీయించాం. ఆ లాప్‌టాప్ బ్యాటరీ లేకుండా ఛార్జరుమీదనే నడిచే రకం కాబట్టి దాని బతుకు దానికి మిగిలింది. కర్సరు మళ్ళీ దూకలేదు.

ఇంకొన్ని వింతలు, వాటి అర్థాలు

మాష్టారి లాప్‌టాప్‌లో లేనివి, తరచుగా కనిపించేవి మరికొన్ని:

కుడిచేతి అక్షరాల బదులు అంకెలు పడుతున్నాయా? చిన్న లాప్‌టాప్‌లలో అక్షరాల మధ్యనే అంకెల పలక దాగి ఉంటుంది. నమ్‌లాక్ పడితే యు, ఐ, ఓ మీటలు 4, 5, 6 అవుతాయి. జె, కె, ఎల్ మీటలు 1, 2, 3. ఎమ్ సున్నా. ఇన్‌స్క్రిప్ట్ వాడేవాళ్ళు "తరగతి" అని కొడితే 3153 పడి, పక్కన ఒక గుడి ఒంటరిగా తేలుతుంది. ఎఫ్‌ఎన్ మీటతో నమ్‌లాక్ నొక్కితే సరిపోతుంది.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తులన్నీ విడిపోయి "అమ్మ" కాస్తా "అమమ" అవుతోందా? పొల్లు ఉండేది "డి" మీటమీద. ఆ ఒక్క మీటను చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో గుణింతాలు దాదాపు అన్నీ ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. గుణింతాలు మాత్రమే పోతుంటే కీబోర్డు ఎడమభాగంలో తడి చేరిందేమో చూడాలి.

"బి" కొడితే రెండక్షరాలు ఒక్కసారే పడుతున్నాయా? లేఅవుట్ అరబిక్‌కు మారింది. అందులో ఆ మీట లామ్, అలిఫ్ రెంటినీ కలిపి ఇస్తుంది. ఆల్ట్, షిఫ్టు కలిపి తగిలితే భాష మారడం విండోస్‌లో మామూలే. లాగిన్ తెరమీద ఇదే జరిగితే పాస్‌వర్డు చుక్కల వెనక దాగి ఉండి, ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంటుంది. ముందు భాష గుర్తు చూడండి.

"ఎట్" గుర్తు కొడితే కొటేషన్ గుర్తు పడుతోందా? బ్రిటిష్, అమెరికన్ లేఅవుట్‌లలో ఆ రెండూ చోట్లు మార్చుకుంటాయి. అది జబ్బు కాదు.

ఒక అక్షరం రెండుసార్లు పడుతోందా? మీట కింద దుమ్ము చేరి ఉండవచ్చు. ఇది పాతవాటికే వచ్చే జబ్బు అనుకోకండి. ఆపిల్ సంస్థ 2015లో తెచ్చిన బటర్‌ఫ్లై కీబోర్డులలో కొత్తవాటికే ఈ ఫిర్యాదు వచ్చింది. 2018 జూన్‌లో ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించారు, 2019 చివరినుంచి ఆ డిజైనునే వదులుకోవడం మొదలుపెట్టారు. ఆ విషయంలో అమెరికాలో నడిచిన దావాలో 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి 2022లో ఒప్పుకున్నారు.

టీ ఒలికిందా? క్షణంలో ఛార్జరు లాగి, యంత్రం ఆపి, గుడారంలా బోర్లించండి. రెండురోజులు ఆరనివ్వండి. బియ్యంలో పాతిపెట్టడంవల్ల ఒరిగేదేమీ లేదు, నూక లోపలికి పోవడం తప్ప. పాలు పంచదార వేసిన మన టీ ఆరినా, జిగట మిగిలిపోయి నెల తరువాత మళ్ళీ బయటపడుతుంది.

బాగుచెయ్యాలా, సర్దుకుపోవాలా

జబ్బు కీబోర్డులోనే ఉందని తేలాక దారులు మూడు. చాలా పాత మోడళ్ళకు కీబోర్డు విడిభాగంగా దొరుకుతుంది. కొన్నిటికి నాలుగు మరలు విప్పితే ఊడుతుంది, కొన్నిటికి యంత్రమంతా విప్పాలి. కొనేముందు మోడలు నంబరు, ఎంటర్ మీట ఆకారం సరిచూసుకోండి.

రెండోది, చెడిన మీట పనిని ఇంకో మీటకు అప్పగించడం. విండోస్ 2000 నుంచీ రిజిస్ట్రీలో "స్కాన్‌కోడ్ మ్యాప్" అనే ఏర్పాటు ఉంది. షార్ప్‌కీస్ లాంటి చిన్న ప్రోగ్రాముతో దాన్ని తేలికగా రాయవచ్చు. ఇది లాగిన్ తెరమీద కూడా పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోని కీబోర్డు మేనేజరు కూడా ఈ పని చేస్తుంది కాని, అది లాగిన్ అయ్యాకే. పాస్‌వర్డులో ఉన్న అక్షరం మీటే చెడితే మొదటిదే వాడాలి. మాష్టారికి క్యాప్స్‌లాక్ మీటను ఎడమ షిఫ్టుగా మార్చాను. సరిగ్గా దాని పైనే ఉంటుంది కాబట్టి వేలికి కొత్తగా అనిపించదు. ఆయన రెండోరోజుకే అలవాటు పడ్డారు.

మూడోది, యుఎస్‌బి కీబోర్డుతో సర్దుకుపోవడం. బల్లమీదనుంచి కదలని యంత్రానికి ఇదే చవక, ఇదే సుఖం. కాని సొంత కీబోర్డు నొక్కకుండానే అక్షరాలు పుట్టిస్తుంటే, దాని కేబులు ఊడదీయించకపోతే బయటి కీబోర్డు పెట్టినా గోల తగ్గదు.

మీ ఇంట్లోనో, ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరో పాత లాప్‌టాప్ ఉంటే ఈ శెలవురోజున ఒక పని చెయ్యండి. బల్లమీద పెట్టి ఊగుతోందేమో చూడండి. అందులో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయా అని అడగండి. లేకపోతే అప్పుడే ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. కీబోర్డు వింతగా ఉందని ఫోను వస్తే, ఏ అక్షరం బదులు ఏ అక్షరం పడుతోంది, ఎప్పుడు పడుతోంది, బయటి కీబోర్డుతో కూడా పడుతోందా అని ఈ మూడు ప్రశ్నలూ అడగండి. ఎక్కువసార్లు జవాబు ఫోనులోనే దొరుకుతుంది. ఫార్మాట్ అన్నమాట ఎత్తడానికి ముందు ఈ మాత్రం చెయ్యడం మనకు పెద్ద పని కాదు.